మీసం సందుకెల్లి నీళ్లు

గంగ ఒడ్డున పుట్టినోనికి ఈత రాదంటె ఎవ్వలు నమ్మరు. మా దిక్కు గోదావరిని గోదావరి అనరు, గంగనే అంటరు. లక్సెట్టిపేట అవుతల, గంగకు కూతవేటు దూరంల పుట్టిన నేను, యాబై ఏండ్లు దాటినంక గూడ మోకాలు మునిగేటన్ని నీళ్లల్ల దిగలే. తానం చేస్తె బకెట్ల నీళ్లే, చెంబుతోనే. ఈ ముచ్చట మా ఇంట్ల అందరికి ఎర్కే. ఎర్కుండి గూడ మా బిడ్డ ఒకనాడు కంప్యూటర్ ముందటేసుకొని కూసోని, "డాడీ, బాలిల ఒక రోజు మొత్తం నీళ్లల్లనే ఉండేటట్టు ప్లాన్ చేసిన" అన్నది.

హైదరాబాదుల నౌకరి చేస్తది మా బిడ్డ. తన లగ్గం కాకముందే అమ్మను, డాడీని ఒక్కపాలన్న ఇమానం ఎక్కియ్యాలెనని దాని పట్టు. మిగిలిన రోజులన్ని గుళ్లు, బజార్లు. వాటితోని నాకేం పేచీ లేదు. పేచీ అంత గా ఒక్క రోజుతోనే. పొద్దుగాల కొండల నడుమ నది మీద రబ్బరు పడవ, మాపటికి సముద్రంల కండ్లకు అద్దం, నోట్లె గొట్టం పెట్టుకొని బోర్ల పండి కింద చాపలను చూసుడు.

కంప్యూటర్ల గా రోజు ప్లాన్ రెండు మూడుపాలు చూసిన. బుగులుతోని కాదు, ఆశతోని. నీళ్లను చూస్తె నా పానం ఎంత గుంజేదో నాకే ఎర్క. అడ్డం ఒక్కటే, మా బాపు. బాపు ఊ అంటెనే నేను నీళ్లల్ల దిగుడు, లేకుంటె లేదు. ఇంత వయసు వచ్చినోడు బాపును అడుగుడేందని మీరు నవ్వుతరు కావొచ్చు. నవ్వుర్రి. ముందుగాల మా ఇంటి సంగతి ఇని, తర్వాత నవ్వుర్రి.

నాకొక అన్న ఉండె. నాకంటె ఐదారేండ్లు పెద్ద. ఇంట్ల వాడు పెద్దోడు, నేను చిన్నోన్ని, గంతే, మా పేర్లతోని ఎవ్వలు పిలువలే. ఎండకాలం వస్తె గంగల సగం ఇసుకనే ఉండేది. ఊరోల్లందరు ఆ ఇసుకల తలా ఒక మడి చేసుకొని పుచ్చకాయలు, ఖర్బూజలు, దోసకాయలు పెట్టేటోల్లు. దూపయితె ఇంటికి పోయే పని లేదు. ఇసుకను రెండు చేతులతోని తోడితె మూరెడు లోతుకే నీళ్లు ఊరేటియి. గా చెలిమ నీళ్లు ఎంత సల్లగ ఉండేటియంటె, ఇప్పుడు ఇంట్ల ఫ్రిజ్ తీసినప్పుడల్ల నాకు వాటి మీదనే పానం పోతది.

బాపు మస్తు ఈతగాడు. ఈ ఒడ్డున దుంకితె ఆ ఒడ్డున లేస్తడని ఊరంత చెప్పుకునేటోల్లు. తోట కాడ పని ఒడ్సినంక మా అన్నను ఈపు మీద ఎక్కిచ్చుకొని లోతుకు తీస్కపోయి, చెప్పకుంట చెయ్యకుంట ఒక్కసారి మునిగేటోడు. మా అన్న నీళ్లు మింగి, దగ్గి, కండ్లు తుడ్సుకొని, మల్ల "ఇంకొక్కపాలి బాపు" అనేటోడు. నేను ఒడ్డున ఇసుకల కూసోని, నన్నెందుకు తీస్కపోరని కాళ్లు కొట్టుకొని ఏడ్సేటోన్ని. బాపు తడి మీసంల నుంచి నీళ్లు కారుకుంట నవ్వేటోడు. గా నవ్వు ఇప్పటికీ నాకు యాదికున్నది. తర్వాత బాపు గట్ల నవ్వంగ నేను మల్ల చూడలే.

వానకాలం, మిరుగు కార్తె అప్పుడే మొదలైంది. మా కాడ మబ్బు గూడ లేదు గని, పైన ఎక్కడనో గట్టి వాన పడ్డది. ఎర్ర నీళ్లు ఒక్క పెట్టున వచ్చి తోటల మీద పడ్డయి. ఆఖరికి మిగిలిన కాయలు కొట్టుకపోతుంటె పోరగాండ్లు దుంకి పట్టుకొని ఒడ్డుకు ఇసిరేటోల్లు. ఏటా ఉండే ఆటనే అది. మా అన్న గూడ దుంకిండు. మస్తు కాయలు తెచ్చిండు. మమ్ముల కన్నతల్లి, అవ్వ, "సాలురా, ఇగ రా" అని మొత్తుకుంటనే ఉన్నది. ఇంకొక్కటి తెస్తనని పోయిండు. బాపు లక్సెట్టిపేట బజారుకెల్లి వచ్చేటాల్లకు ఒడ్డంత మంది. ఎవ్వలు గుంజినా ఆగకుంట బాపే దుంకిండు. మునిగిండు, లేసిండు, మల్ల మునిగిండు. పొద్దుగూకినంక బాపే వాన్ని ఒడ్డుకు తెచ్చిండు. ఇంతకంటె రాసుడు నాతోని కాదు.

ఆ ఏడాదే భూమి ఇడిసిపెట్టి కరీంనగర్ వచ్చినం. బాపు మోటర్లకు వైండింగ్ చేసుడు నేర్సుకున్నడు, నాకు నేర్పిండు. ఇప్పటికీ గా దుకాణమే మాకు బువ్వ పెడ్తున్నది. పుష్కరాలకు దేశం దేశమంత గంగకు పోతె, బాపు ఒడ్డు మీదనే నిలవడి, అవ్వ చెంబుల తెచ్చిన నీళ్లు నెత్తి మీద సల్లుకున్నడు. నన్ను ఒక్క మెట్టు గూడ దిగనియ్యలే, లగ్గమై బిడ్డ పుట్టినోన్ని రెట్ట పట్టుకొని ఆపిండు. నా సోపతిగాండ్లు డ్యాము కాడ బోటు ఎక్కి కేకలు పెడ్తుంటె నేను కట్ట మీద మక్కకంకి తినుకుంట కూసునేటోన్ని. బాపు మీద మస్తు కోపం వచ్చేది. నాకు కోపం ముక్కు మీదనే ఉంటది, దుకాణానికి వచ్చేటోల్లందరికి ఎర్క. కని బాపు ముందటికి పోతె గా కోపం గొంతులనే ఆగిపోయేది. కొడుకును సంకలేసుకొని నీళ్లల్లకెల్లి వచ్చిన మనిషిని ఏమంటం?

గిదీ మా ఇంటి సంగతి. ఇగ బాపును అడుగుడు ఎట్ల? మా ఇంటామె ముందుగాలనే చేతులెత్తేసింది. "నీ బాపును నువ్వే అడుక్కోవాలె, నన్ను ముందటికి నూకకు" అన్నది. నేను వారం దాంక "రేపు అడుగుత, రేపు అడుగుత" అనుకుంట తిరిగిన. మా బిడ్డకు ఓపిక పట్టక ఫోన్ తీస్కపోయి తాత పక్కకు కూసున్నది.

"తాతా, గీ జాకిటి ఏసుకుంటె మునగమన్నా మునగరు. నెత్తికి టోపి గూడ ఇస్తరు. పడవల వాళ్ల మనిషి ఉంటడు."

బాపు వీడియో ఆఖరిదాంక చూసిండు. కండ్లద్దాలు తీసి దోతి కొంగుతోని తుడుసుకున్నడు. "మంచిగనే ఉన్నది బిడ్డ. పోయిరార్రి. మీ డాడీ మాత్రం ఒడ్డున కూసుంటడు" అన్నడు.

ఒడ్డున! నాకు ఒళ్లంత మండింది. "ఇమానం ఎక్కి సముద్రాలు దాటి పోయి ఒడ్డున కూసునుడేంది బాపు? కూసునేదుంటె మన డ్యాము కట్ట లేదా?"

"నేను కండ్లు మూసినంక నీ ఇష్టం" అన్నడు బాపు. అంతే, నేను లేసి దుకాణానికి పోయిన.

మా బిడ్డ గూడ నా లెక్కనే మొండిది. తాత ఒప్పుకోకున్నా ప్లాన్ ఆపలే. దుబాయిల ఉన్న మా బామ్మర్దికి ఇసొంటియన్ని ఎర్క, సెలవు దొరికితె వాళ్ల కంపెనోల్లతోని సముద్రానికి పోతనే ఉంటడు. వాడు ఫోన్ల ప్లానంత తిరగేసిండు. "బావా, సముద్రం పొద్దుగాల్ల నిమ్మలంగ ఉంటది. పొద్దెక్కుతుంటె గాలి లేస్తది, నీళ్లు మసకవడ్తయి, చాపలు కనవడయి. ముందుగాల సముద్రం, తర్వాత నది పెట్టుకోర్రి" అన్నడు. రోజు మొత్తం ఉల్టా అయింది. నది కాడికి పోవుడు ఆలస్యమైతదని బిడ్డ పరేషాన్. నడుమ అన్నం ఎక్కడ తింటమని మా ఇంటామె పరేషాన్. కడుపు నిండ తిని పడవ ఎక్కద్దని బిడ్డ, తినకుంట ఎక్కుడేందని తల్లి, ఇద్దరి నడుమ నేను. అటెంకల బట్టల పంచాయితి పడ్డది. చీరె కట్టుకొని నీళ్లల్ల దిగనియ్యరని తెలిసి మా ఇంటామె రెండు రోజులు మూతి ముడుసుకున్నది. ఆఖరికి పొడుగు చేతుల అంగి, ప్యాంటు కొనుక్కొచ్చుకొని, తలుపేసుకొని అద్దంల చూసుకున్నది. ఎండకు పూసుకునే క్రీము కొనాలె అని బిడ్డ అంటె, "మీ డాడీకి ఎందుకే, ఇంక నల్లబడేటందుకు ఏం మిగిలింది" అని నవ్వింది. ఇంట్ల గంత సందడి చానా ఏండ్లకు చూసిన. బాపు అర్రల మంచం మీద కూసోని అన్ని ఇంటున్నడు.

బామ్మర్ది ఊరికి వచ్చేటోనితోని అద్దాలు పంపిండు. ఖర్జూరాల డబ్బా, జండుబామ్ సీసాల నడుమ పెట్టి పంపిండు పుణ్యాత్ముడు. అద్దం అంటె కండ్లకు ఒక్కటే కాదు, ముక్కు గూడ అందుల్నే ఉంటది. చుట్టు రబ్బరు మొఖానికి అతుక్కోవాలె. నోట్లె గొట్టం. ముందుగాల ఇంట్ల అలవాటు చేసుకోర్రి అని వాడు చెప్పిండు. బాపు మధ్యాహ్నం కునుకు తీసే యాల్ల చూసి, ఇంటెనక గోలెం నిండ నీళ్లు నింపినం. నేను ముందుకు వంగి మొఖం ముంచిన.

ఒక్క నిమిషం కాలే, ముక్కులకు నీళ్లొచ్చినయి. బుడబుడ మని లేసిన. దగ్గు, తుమ్ములు, కండ్లల్ల నీళ్లు. మల్ల ముంచిన, మల్ల గంతే. మా ఇంటామె ముంచితె ఒక్క సుక్క పోలే, గోలెం అడుగున పాసి ఎట్లున్నదో గూడ చెప్పింది! నేను కోపానికొచ్చి అద్దమే ఖరాబున్నదని అద్దాలు మార్సుకున్న. అది గూడ గట్లనే. బిడ్డ మామకు ఫోన్ చేసి చూపిచ్చింది. వాడు నా మొఖం చూసి ఒకటే నవ్వుడు.

"అద్దం మంచిదే బావా. నీ మీసం. రబ్బరు మీసం మీద కూసుంటలేదు, సందుకెల్లి నీళ్లు పోతున్నయి. వ్యాజలిన్ పెట్టు."

వ్యాజలిన్ పెట్టిన. కొబ్బరినూనె పెట్టిన. నా మీసం గూడ సన్నది కాదు, మా బాపు మీసం లెక్క గుబురుగ ఉంటది. ఎంత పూసినా నీళ్లు తొవ్వ దొరకవట్టుకొని వచ్చినయి. ఆఖరికి బామ్మర్ది నవ్వుడు ఆపి, "ఇగ తీసుడే బావా" అన్నడు.

మా దిక్కు మీసం తీసుడంటె ఆట కాదు. తల్లో తండ్రో పోయిననాడే కొడుకు మూతి మీద కత్తి పడ్తది. వాళ్లు బతికుండంగ తీస్తె వాళ్ల సావు కోరినట్టే. బామ్మర్ది మాట అవ్వ చెవుల పడ్డది. చాటల బియ్యం చెరుగుతున్నది, చాట గట్లనే ఇడిసిపెట్టి లేసింది. "మేమిద్దరం గుండ్రాయిల లెక్క కండ్ల ముందట తిరుగుతుంటె మీసం తీస్తవారా? చాపలను చూసేటందుకా? మన గంగల చాపలు లేవా?"

గీ లొల్లికి బాపు లేసి వచ్చిండు. అంత ఇన్నడు. గోలెం చూసిండు, అద్దం చూసిండు, వ్యాజలిన్ తోని మెరుస్తున్న నా మూతి చూసిండు. నిమ్మలంగ అన్నడు, "మంచిగయింది. నువ్వు నీళ్లల్ల దిగద్దనే దేవుడు నీకు గంత మీసం ఇచ్చిండు."

ఇగ ఆగలే నా నోరు. "దేవుడు కాదు, నువ్వు! పుట్టి బుద్ధెరిగిన కాడికెల్లి ఒడ్డునే కూసునవెడ్తివి. నేను బతికే ఉన్న గదా బాపు? వాడు పోయిండని నన్ను గూడ బతకనియ్యవా?" అని అనేసిన. చెప్పులేసుకొని బయటికి నడిసిన, సక్కగ కటింగ్ షాపుకు పోయి కుర్సీల కూసున్న.

"మీసం తియ్యి."

మా కటింగ్ షాపాయన ఏండ్లకెల్లి నాకు చేస్తుండు. కత్తి పట్టుకున్న చెయ్యి గట్లనే ఆగింది. రేడియో బందు చేసిండు. "అయ్యో, ఎప్పుడైందే? పొద్దుగాల్లనే పెద్దాయన చాయ్ హోటల్ కాడ కనవడ్డడు గదా!"

"ఎవ్వలు పోలే. తియ్యమంటె తియ్యి."

"పోకుంట ఎట్ల తీస్తనే? రేపు ఏమన్న అయితె నా మీద పడ్తది."

జర్రంత సేపు ఇద్దరం కొట్లాడినం. ఆఖరికి ఇంకో షాపుకు పోతనంటె, దేవునికి దండం పెట్టుకొని తీసిండు. అద్దంల చూసుకున్న. బోడి మూతి. నా మొఖం నాకే కొత్తగ ఉన్నది. రుమాలు అడ్డం పెట్టుకొని బయటికొచ్చిన. చాయ్ హోటల్ చాచా కెటిల్ పట్టుకొని నిలవడి నన్ను చూసిండు. నేను సిగ్గుతోని తల వంచుకున్న. గా తల వంచుడే పెద్ద తప్పయింది. ఆయన దుఃఖమనుకున్నడు.

ఇంటికి పోవుడు మనసొప్పక దుకాణంల కూసోని, విప్పిన మోటరునే మల్ల విప్పిన. నేను ఇల్లు చేరేటాల్లకు మా వాకిట్ల మంది. చాచా ముందటున్నడు, చేతుల పూలదండ. ఆయన ఎదురుంగ, అరుగు గద్దె మీద, మా బాపు చాయ్ తాగుకుంట కూసున్నడు.

"గా దండ ఎవలికిరా?" అని అడుగుతుండు బాపు.

చాచా మొఖంల నెత్తురు సుక్క లేదు. "మీ ఇంటి దేవునికే కాకా" అని దండ అవ్వ చేతుల పెట్టి, వచ్చినోల్లందరిని ఎనకకు తోలిండు. పోయేటప్పుడు నా దిక్కు చూసిన చూపుంటది, బతికినన్ని రోజులు నేను ఆ హోటల్ల తల ఎత్తుకొని చాయ్ తాగలేను.

వాకిట్ల మంది పోయినంక నేనొక్కన్నే నిలవడ్డ. రుమాలు తీసిన. ఇగ తిట్టనియ్యి, కొట్టనియ్యి అనుకున్న. బాపు చాయ్ గిలాస కింద పెట్టిండు. లేసి దగ్గరికొచ్చిండు. కండ్లద్దాలు సదురుకొని చూసిండు. చెయ్యి లేసింది, దెబ్బ పడ్తదని కండ్లు మూసుకున్న. దెబ్బ పడలే. బాపు నా మొఖాన్ని రెండు చేతులల్ల పట్టుకున్నడు.

"పెద్దోడా" అన్నడు.

మా అన్న ఫోటో మా ఇంట్ల ఒక్కటి గూడ లేదు. గా రోజులల్ల మాసొంటోల్ల ఇండ్లల్ల ఫోటోలు ఎవలు దిగిండ్రు? వాని మొఖం నాకే సరిగ యాదికి లేదు. వాడు పోయేనాటికి వానికి ఇంక మీసం మొలవలే. నా తల తెల్లవడ్డది, బుగ్గలు జారినయి. కని ముక్కు కింద, పెదవుల కాడ, బాపుకు వాడే కనవడ్డడు.

"బాపు, నేను చిన్నోన్ని" అని చెప్పిన.

"ఎర్కేరా" అన్నడు. చేతులు మాత్రం తియ్యలే. బొటనవేలుతోని నా పై పెదవి మెల్లగ రుద్దిండు. అవ్వ దిక్కు తిరిగి, "చూసినవానే, ఎన్నేండ్లకు కనవడ్డడో" అన్నడు. అవ్వ దండను గట్లనే పట్టుకొని, కొంగు నోట్లె కుక్కుకొని ఏడ్సింది. మా బిడ్డ, మా ఇంటామె దర్వాజల నిలవడి ఏడుస్తున్నరు. నేను గూడ ఏడ్సిన. సిగ్గు లేకుంట, చిన్నపోరని లెక్క, ఎక్కెక్కి ఏడ్సిన. నన్ను నీళ్లకు ఎందుకు దూరం పెట్టిండో నాకు ఎప్పుడో ఎర్క. మా అన్నను ఎంత దూరంకెల్లి ఒక్కడే మోసుకుంట వచ్చిండో మాత్రం గప్పుడే కనవడ్డది.

బాపు మొఖం తుడుసుకొని మల్ల గద్దె మీద కూసున్నడు. చల్లారిన చాయ్ తాగిండు. "ఇమానం ఎన్నడు?" అని అడిగిండు.

"వచ్చే నెల."

"ఈత రానోన్ని సముద్రానికి ఎట్ల పంపుత? గంగకు పోదాం పా."

ఐతారం నాడు అందరం లక్సెట్టిపేట పోయినం. కింది దిక్కు గంగకు అడ్డంగ బరాజు కట్టినంక మా గంగ మారిపోయింది. తోటలు లేవు, ఇసుక లేదు, ఎటు చూసినా నిలవడ్డ నీళ్లే. బాపు ఘాటు మెట్ల మీద చానా సేపు నిలవడ్డడు. దోతి ఎగ్గట్టిండు. ఒక కాలు నీళ్లల్ల పెట్టి, తీసి, మల్ల పెట్టిండు. వంగి దోసిట్ల నీళ్లు తీసుకొని కండ్లకద్దుకున్నడు. తర్వాత నడుము దాంక దిగి, నా దిక్కు చెయ్యి చాపిండు. మా బిడ్డ ఇద్దరికీ జాకిట్లు తెచ్చింది, బాపు ఒప్పుకోలే. "ముందుగాల నీళ్లు ఒంటికి ఎర్క కావాలె" అన్నడు.

నీళ్లు సల్లగున్నయి. బాపు రెండు చేతులు నా కడుపు కింద పెట్టి బోర్ల పండవెట్టిండు. కాళ్లు కొట్టిన, చేతులు కొట్టిన, నీళ్లు మింగిన, దగ్గిన. ఒడ్డు మీదికెల్లి మా ఇంటామె నవ్వు ఇనవడుతున్నది. జర్రంత సేపటికి ఒళ్లు అల్కగ అయింది. కాళ్లు తమంతట తామే పైకి లేసినయి. నాకు ఇగ సంబురం ఆగలే.

"బాపు, తేలుతున్ననే! ఇగ ఇడిసిపెట్టు."

"ఇడువ" అన్నడు బాపు.